మేఘనాద్ 9200

ఒకప్పుడు ఒక ఆడిటరు ప్రభుత్వం వారికి గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఏదో కాలేజీ వాళ్ళు కొత్తవని చెప్పి పాత కంప్యూటర్లు కొన్నారట. ఇకమీదట ఎవరూ పాత సామాను కొనకుండా చూడడానికి వెంటనే ఒక కార్యాలయం పుట్టింది. దాని పేరు సాంకేతిక ఉపకరణాల ఉన్నతీకరణ సంచాలకాలయం. అది ఒక్క ఊపిరిలో పలకలేక అందరూ ఉన్నతి ఆఫీసు అనేవారు.

ఉన్నతి ఆఫీసు పుట్టిన ఆర్నెల్లకి ఉత్తర్వు నంబరు 41 వచ్చింది. అందులో ఉన్నవి రెండే ముక్కలు. కొత్తగా కొనే ఏ వస్తువుకైనా మోడల్ నంబరు పాతదాని కంటే కనీసం వెయ్యి ఎక్కువ ఉండాలి. పెద్ద నంబరు వస్తువు వచ్చాక చిన్న నంబరు వస్తువుని తుక్కుగా ప్రకటించాలి. వస్తువు పనిచేస్తోందా లేదా అన్న ప్రస్తావన మొదటి చిత్తుప్రతిలో ఉండేదట. వివాదాలకి దారి తీస్తుందని తీసేశారు.

ఈ సంగతులేవీ పంపన నూకరత్నానికి తెలియవు. ఆవిడ కోరుమిల్లిపేట ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లో యానిమేషన్ చెప్పే లెక్చరరు. పాఠం చెబితే పిల్లలు గంట కొట్టినా లేచేవాళ్ళు కాదు. కోపం వస్తే మాత్రం ప్రిన్సిపాల్ తులశమ్మ గారు కూడా వరండా మారి వెళ్ళేవారు.

ఆ ఏడు చివరి సంవత్సరంలో ఇరవై రెండు మంది ఆడపిల్లలున్నారు. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీకి వాళ్ళు సొంత ల్యాబులో, ప్రభుత్వం ఇచ్చిన సామానుతో మూడు నిమిషాల బొమ్మల సినిమా తీసి తనిఖీ వాళ్ళకి చూపించాలి. చూపించకపోతే కోర్సుకి గుర్తింపు పోతుంది, పిల్లలకి సర్టిఫికెట్లు రావు. మూడేళ్ళ చదువు అక్కడితో సరి.

పిల్లలు కథ ఎప్పుడో తయారుచేసుకున్నారు. కోతకోసిన చేలో మేస్తున్న మూడొందల బాతుల మందలోంచి ఒక బాతు తప్పిపోతుంది. హైవే దాటి, లారీల మధ్య పడి, మళ్ళీ మందలో కలుస్తుంది. కథ అనుకున్నది ఆటో నడిపే మేడిశెట్టి సూరిబాబు కూతురు వీరమణి. ఆ పిల్ల బాతు నడక గీస్తే చూసినవాళ్ళకి నవ్వాగేది కాదు.

చిక్కల్లా కంప్యూటర్లతో వచ్చింది. బొమ్మకి వెలుగు, నీడ, ఈకలు, నీళ్ళు అన్నీ లెక్కకట్టి గీసిపెట్టే భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. ల్యాబులో పదకొండు కంప్యూటర్లుంటే పదకొండింట్లోనూ ఉన్నది మేఘనాద్ 7200 అనే కార్డు. మూడొందల బాతుల్ని చూడగానే దానికి ఆయాసం వచ్చింది. ఒక్క బొమ్మకి రోజంతా పట్టింది. మూడు నిమిషాలకి అలాంటి బొమ్మలు నాలుగు వేల పైచిలుకు కావాలి. నూకరత్నం లెక్కవేస్తే పదకొండూ రాత్రింబవళ్ళు నడిచినా సినిమా ఆ పై ఏడాదికి గానీ తేలేలా లేదు.

ఆవిడ మేఘనాద్ 7800 కావాలని ఆగస్టులోనే రాసింది. నవంబరులో పెట్టెలు దిగాయి. స్టోర్‌కీపరు సత్తిరాజు వాటిని తడిమి చూసి, పరిగెత్తుకుంటూ ల్యాబుకి వచ్చాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, పరిగెత్తడం అలవాటు తప్పిపోయింది.

"మేడంగారండీ, మీరడిగింది ఏడు వేల ఎనిమిదొందలు. ఆళ్ళు పంపింది తొమ్మిది వేల రెండొందలండి! అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చిన గవర్నమెంటుని నా సర్వీసులో సూడలేదు."

నూకరత్నం పెట్టె విప్పి, పాత కంప్యూటర్లోంచి పాత కార్డు పీకి, రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. అదే ఆకుపచ్చ రేకు, అదే ఫ్యాను, మూల అదే చిన్న సొట్ట. కొత్తదాని మీద స్టిక్కరు అంచు గోటితో లేపింది. కింద 7200 అని అచ్చు వేసి ఉంది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ," అన్నాడు సత్తిరాజు.

"బాబాయ్‌గారూ, ఈ నంబర్ల గుట్టు చెప్తాను వినండి," అంటూ ఆవిడ బోర్డు మీద రాసింది. "మొదటి అంకె ఏ సంవత్సరం బయటికొచ్చిందో చెబుతుంది. దాని సత్తా చెప్పేది రెండో అంకె. 7200 అంటే ఏడో కాపు, సత్తా రెండు. 7800 అంటే అదే కాపు, సత్తా ఎనిమిది. ఏడో కాపులో అమ్ముడుపోని సరుక్కి తొమ్మిదో కాపు స్టిక్కరేశాడు కంపెనీవాడు. సత్తా మాత్రం అదే రెండు."

"అంటే కొనేవోడు మొదటి అంకె సూసి మురిసిపోతాడు, కంపెనీవోడు రెండో అంకె సూసి నవ్వుకుంటాడన్నమాట. ఈ ముక్క పెట్టె మీద రాయరేంటండీ?"

"రాస్తే ఎవరు కొంటారు?"

ఆ సాయంత్రమే నూకరత్నం రెండు కార్డులూ సంచిలో వేసుకుని ఉన్నతి ఆఫీసుకి బయల్దేరింది.

ఉన్నతి ఆఫీసులో సంయుక్త సంచాలకులు గోడవర్తి విశ్వపతి గారు. మంచినీళ్ళు అడగాల్సి వచ్చినా "తాగునీటి ఆవశ్యకత ఏర్పడినది" అనే మనిషి. ఆయన వెనక గోడ మీద పైకి పోతున్న ఎర్ర గీత ఒకటి వేలాడుతోంది. రాష్ట్రంలోని ఉపకరణాల నంబర్లన్నీ కూడగా వచ్చిన మొత్తం అది. ఆర్నెల్లలో రెట్టింపయిందట.

నూకరత్నం చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మా, మీ ఆవేదన గ్రహించాను. అయితే మీరు వస్తువును దృష్టిలో ఉంచుకొని మాట్లాడుతున్నారు. వస్తువు ఈ కార్యాలయ పరిధిలోకి రాదు. మోడల్ మాత్రమే వస్తుంది."

"రెండూ ఒకటేనండీ. కళ్ళతో చూడండి."

"ఒకటే అంటున్నారు. మంచిది. తొమ్మిది వేల రెండు వందల నుంచి ఏడు వేల రెండు వందలు తీసివేసిన ఎంత?"

"రెండు వేలండి."

"రెండూ ఒకటే అయినచో సున్నా రావలెను కదమ్మా?"

నూకరత్నం కార్డులు రెండూ ఆయన ముందుకి జరిపింది. ఆయన కొత్త కార్డుని చేతిలోకి తీసుకుని, లేచిన స్టిక్కరు అంచు దగ్గర ఆగిపోయారు. ముఖం రంగు మారింది.

"ఈ పత్రకమును ఎవరు తొలగించినారు?"

"నేనే గోటితో లేపానండి."

"అనగా ప్రభుత్వ ఆస్తి నుంచి రెండు వేల మేర ఉన్నతిని తమరు అపహరించినారు."

అపహరణ మీద చర్య వద్దని తులశమ్మ గారు ఫోనులో బతిమాలుకున్నారు. ఫిర్యాదు మీద మాత్రం విశ్వపతి గారు ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. ఒకాయన రిటైరైన కాలవల ఇంజనీరు, ఒకాయన గణాంకాధికారి, మూడో ఆయన పేర్ల విషయం కాబట్టి ఒక పంచాంగకర్త. వాళ్ళు మూడు వారాలు విచారించి నివేదిక ఇచ్చారు. పెట్టె విప్పని కొనుగోలుదారుల్లో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేసినవారు నూటికి నూరుపాళ్ళు పెట్టె విప్పినవారే. కాబట్టి గందరగోళానికి మూలకారణం నామకరణం కాదు, విప్పడం. ఇది నివేదిక సారం. పేరులో ఇంకా స్పష్టత కోసం ఇకనుంచి "మేఘనాద్ 9200 సూపర్" అనమని పంచాంగకర్త విడిగా సిఫారసు చేశారు. కంపెనీ ఆ సిఫారసుని సంతోషంగా స్వీకరించి, అప్పటికే అమ్మిన కార్డులకి కూడా కొత్త స్టిక్కర్లు పంపింది.

జనవరి మొదటి వారంలో సర్క్యులరు వచ్చింది. సాంకేతిక సామగ్రి తనిఖీ ఇకపై పెట్టె మీది నంబరును బట్టే జరుగును. స్టిక్కరు కింద ఏమున్నదీ చూడడం శిక్షార్హం. దానితోపాటు ఒక శుభవార్త కూడా ఉంది. గ్రాఫిక్స్ కార్డులలో సాధించిన ఉన్నతిని తక్కిన రంగాలకు విస్తరిస్తూ ప్రతి కాలేజీలోనూ అన్నిటి నంబర్లూ వెయ్యి చొప్పున పెంచాలి.

తులశమ్మ గారు పెయింటరుని పిలిపించారు. నాలుగో గది వెయ్యిన్నాలుగో గది అయింది. ఏడో బెంచీ వెయ్యిన్నేడో బెంచీ అయి, ఎప్పట్లాగే ఓ పక్కకి ఒరిగి కూర్చుంది. కాలేజీకి ఉన్న మరుగుదొడ్లు రెండు, అందులో ఒకదానికి దసరా నుంచి తలుపు లేదు. వాటికి 1001, 1002 అని రాశారు. ఇంకో మరుగుదొడ్డి మంజూరు చేయమని తులశమ్మ గారు పెట్టుకున్న అర్జీకి వారంలో జవాబొచ్చింది. మీ సంస్థలో వెయ్యిన్నీ రెండు మరుగుదొడ్లు ఉన్నట్లు రికార్డులు తెలుపుచున్నవి. మీ విద్యార్థినులకు ఇన్ని ఏల అవసరమైనవో సంజాయిషీ ఇవ్వవలెను.

"సంజాయిషీ ఏమని ఇవ్వాలే నూకరత్నం?" అని ఆవిడ దిగాలుగా అడిగారు.

"పిల్లలు పరిశుభ్రంగా ఉంటారని రాయండి మేడం."

నవ్వింది గానీ నూకరత్నానికి లోపల గుబులుగానే ఉంది. నెల రోజులు మాత్రమే మిగిలాయి. అప్పటికి తయారైన సినిమా పదకొండు సెకన్లు. తొమ్మిది వేల రెండొందల కార్డు మీద కూడా బాతు ఒక్క ఈక గీయడానికి ముక్కుతూ మూలుగుతూ ఉంది. అందరి ముందూ ధైర్యంగా ఉండే వీరమణి ఓ రోజు భోజనం డబ్బా తెరవకుండానే మూసేసింది. "మేడం, మా నాన్న సర్టిఫికెట్టుకి ఫ్రేము కూడా కొనేశాడు," అంది. అలాంటి మాట విన్నాక ఏ లెక్చరరుకి మాత్రం అన్నం దిగుతుంది?

సరిగ్గా అప్పుడు ఉత్తర్వు నంబరు 41 తనకి తెలియకుండానే ఓ మంచిపని చేసింది.

పెద్ద నంబర్లు వచ్చిన ప్రతి ఆఫీసులోనూ చిన్న నంబర్లు తుక్కయ్యాయి. జిల్లా తుక్కంతా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చి, స్టోరు రూము పెద్దదని మహిళా పాలిటెక్నిక్‌ని జిల్లా తుక్కు కేంద్రంగా నియమించారు. సత్తిరాజు రోజూ ఆటోల్లో దిగుతున్న తుక్కుని రిజిస్టర్లో ఎక్కించుకుంటున్నాడు. ఒకనాడు భూముల సర్వే ఆఫీసు నుంచి వచ్చిన గోతాం విప్పి, ఒక కార్డు తీసి అటూ ఇటూ తిప్పాడు. తూకానికి ఇటుకలా ఉంది. మూడు ఫ్యాన్లున్నాయి. నంబరు చూస్తే 6900.

"మేడంగారండీ, తమరు ఆవేళ బోర్డు మీద సెప్పిన లెక్కలో దీని సత్తా తొమ్మిదవ్వాలి కదండి?"

నూకరత్నం దాన్ని రెండు చేతులతో అందుకుంది. సర్వే ఆఫీసు వాళ్ళు జిల్లా మ్యాపులు గీయడానికి కొన్న కార్డులు అవి. తొమ్మిది ఉన్నాయి. సర్వే ఆఫీసుకి 9200 సూపర్ రావడంతో ఇవి తుక్కయ్యాయి. అక్కడ మ్యాపులు ఆగిపోయాయని తర్వాత తెలిసింది.

ఒక కార్డు బిగించి, బాతుల మందని దాని మీదికి తోలారు. రోజంతా పట్టే బొమ్మ అరగంటలో తెర మీదికొచ్చింది. నీళ్ళలో బాతు నీడ కూడా కదిలింది. పిల్లలు వేసిన కేకకి తులశమ్మ గారు ఏదో పేలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

పదిహేను రోజుల్లో సినిమా పూర్తయింది. ఇక మిగిలింది తనిఖీ. అందులో మొదట చూసేది నంబరే. తుక్కు మీద తీసిన సినిమా చెల్లదు.

"దానికేముందండీ," అన్నాడు సత్తిరాజు. అరచేతిలో తొమ్మిది స్టిక్కర్లున్నాయి, అన్నిటి మీదా 9200 సూపర్. "మన కొత్త కార్డులకి ఆవిరి పడితే ఊడొచ్చేశాయండి. ఆరు వేల తొమ్మిదొందల మీద అంటించేద్దాం."

"అది మోసం కదా బాబాయ్‌గారూ?"

"సచ్చుదానికి కొత్త స్టిక్కరేసి కంపెనీవోడు అమ్మితే యాపారం అంటన్నారు. గవర్నమెంటోరు కొంటే ఉన్నతి అంటన్నారు. పనిచేసేదానికి మనం ఏత్తే మోసం అయిపోద్దా అండి?"

నూకరత్నానికి కోపం రావాల్సింది. రాలేదు. స్టిక్కర్లు అంటించేటప్పుడు అటు తిరిగి నుంచుంది.

ఫిబ్రవరి ఇరవైన విశ్వపతి గారే స్వయంగా వేంచేశారు. వెంట కాలవల ఇంజనీరు, పంచాంగకర్త. ల్యాబులో తలుపులు మూసి సినిమా వేశారు. తప్పిపోయిన బాతు రోడ్డు మధ్యలో నిలబడి, వస్తున్న లారీని చూసి తల ఓ పక్కకి వంచి ఆలోచించే చోట కాలవల ఇంజనీరు గట్టిగా నవ్వేశాడు. మందలో కలిసే చోట పంచాంగకర్త కళ్ళు తుడుచుకున్నాడు. విశ్వపతి గారు మాత్రం కదలకుండా కూర్చున్నారు. ఆయన తెర వైపు చూడడం లేదు. కంప్యూటర్ల వైపు చూస్తున్నారు.

సినిమా అవగానే టార్చిలైటు తీసి, వంగి, ఒక్కొక్క నంబరూ చదివి టిక్కు పెట్టుకున్నారు. లేచి నిటారుగా నిలబడ్డారు.

"చూచినారా? విప్పక ఉండిన ఎడల ఫలితము ఇట్లుండును."

తర్వాత ఒక కాగితం నూకరత్నం ముందు పెట్టారు. 'ఈ చలన చిత్రము సంపూర్ణముగా మేఘనాద్ 9200 సూపర్ పైననే రూపొందినదని, సదరు కార్డు సామర్థ్యము అద్భుతమని ధ్రువీకరించడమైనది.' కింద గీత, గీత కింద ఆవిడ పేరు.

"అయ్యా, ఇందులో ఒక్క మాట..."

"అమ్మా, ధ్రువీకరణ లేనిదే గుర్తింపు పొడిగించుటకు వీలు పడదు. మాట ఏదేని ఉన్నచో సంతకము తదుపరి చెప్పవచ్చును."

ఆవిడ తలెత్తింది. ఇరవై రెండు మంది గోడకి ఆనుకుని నిలబడి తన వైపే చూస్తున్నారు. నూకరత్నం పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది. తర్వాత మాట చెప్పడానికి నోరు తెరిచేసరికి విశ్వపతి గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కారు దాకా వెళ్ళిపోయారు.

కోర్సు నిలబడింది. సర్టిఫికెట్లు వచ్చాయి. ఏప్రిల్లో కాలేజీకి మేఘనాద్ 11200 సూపర్ ప్లస్ పెట్టెలు దిగాయి. ఈసారి సత్తిరాజు పరిగెత్తలేదు. లోపల ఏముందో ఇద్దరికీ తెలుసు. ఉత్తర్వు ప్రకారం పాత కార్డులు మళ్ళీ తుక్కయ్యాయి. వేలంలో కిలో లెక్కన అమ్ముతుంటే నూకరత్నం ప్రాణం ఒప్పక మూడు ఫ్యాన్లది ఒకటి కొనుక్కుంది.

ఆ మర్నాడే గేటు దగ్గర ఆటో ఆగింది. సూరిబాబు దిగాడు. ఉతికి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, చేతిలో తాపేశ్వరం కాజాల పొట్లం, చంకలో ఒక పెట్టె.

"నోరు తీపి చేసుకోవాలండి మేడంగారూ. మా పాపకి ఇంటికాడ కంప్యూటర్ కట్టించానండి. ఇది అందులోకి."

పెట్టె మీద మెరిసే అక్షరాలతో మేఘనాద్ 11200 సూపర్ ప్లస్ అని ఉంది. దాని కింద పిల్లలు గీసిన బాతు, తల ఓ పక్కకి వంచి చూస్తోంది. బాతు కింద 'సామర్థ్యము అద్భుతము' అని, ఆ కింద ధ్రువీకరణ కాగితం మీద నూకరత్నం పెట్టిన సంతకం. ఎవరూ ఆవిణ్ణి అడగలేదు.

"షాపోడు పది రకాలు సూపించాడండి. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. ఇంతలో మా పాప బాతు కనబడింది, తమరి సంతకం కనబడింది. ఇంకేం సూడలేదండి. ఇదే కట్టెయ్యమన్నాను."

నూకరత్నం పెట్టె మీది సంతకాన్ని అరచేత్తో మూసింది. "సూరిబాబుగారూ, ఇది మంచిది కాదు. వెనక్కిచ్చేయండి. పనిచేయనిదానికి పేరు మార్చి అమ్ముతున్నారు."

సూరిబాబు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "సంతకం తమరిదేనా అండి?"

"నాదే. అబద్ధం మీద పెట్టాను. మీ వీరమణి సర్టిఫికెట్టు ఆగిపోతుందని పెట్టాను. ఉండండి, మీ పాప సినిమా తీసింది దేనిమీదో చూపిస్తాను."

ఆవిడ గబగబా లోపలికెళ్ళి, వేలంలో కొన్న కార్డు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్ళండి. ఊరికేనే ఇస్తున్నాను."

సూరిబాబు దాని మీది నంబరు పెదాలు కదుపుతూ చదివాడు. "తొమ్మిది వేల రెండొందలు. ఇది సిన్నది కదండి?"

"అది ఉత్త స్టిక్కరండీ!" అంటూ ఆవిడ స్టిక్కరు పీకేసింది. కింద 6900 కనబడింది.

"ఇంకా సిన్నదండి!" అన్నాడతను.

నూకరత్నం బల్లలూ బోర్డులూ ఏమీ లేని ఆ గేటు దగ్గరే నిలబడి, మొదటి అంకె, రెండో అంకె, ఏ అంకె దేనికో పావుగంట చెప్పింది. సూరిబాబు మర్యాదగా విన్నాడు. చివర్న కార్డుని రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు.

"మేడంగారూ, నేను ఆటో తోలుకునేవోణ్ణే గానీ అంకెలు తెలీనోణ్ణి కాదండి. మీటరు సూసే బతుకుతున్నాను. ఆరు పెద్దదో పదకొండు పెద్దదో నాకు తెలుసండి." గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "మీ కాలేజీకి పదకొండు వేలది వచ్చిందంట, మా పాప సెప్పింది. మరి మాలాటోళ్ళ పిల్లకి తుక్కులోదా అండి?"

"అయ్యో, అలా కాదు సూరిబాబుగారూ. ఆ సంతకం..."

"ఆ సంతకం గురించి తమరెన్ని సెప్పినా నేను నమ్మనండి. మా పాపకి మూడేళ్ళు సదువు సెప్పారు. తమరు అబద్ధం మీద సంతకం పెట్టే మనిషి కాదు."

కాజాల పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, పెట్టెని తన పక్క సీట్లో జాగ్రత్తగా కూర్చోబెట్టి, సూరిబాబు ఆటో స్టార్టు చేశాడు.